దాచకుండా వదిలేసిన పేర్లు

గేటు కొక్కేనికి వేలాడుతున్న గుడ్డమూటను శనివారం ఉదయం మొదట చూసింది రుక్సాంద్ర. విప్పకుండానే అందులో ఏముందో ఆమెకు తెలిసిపోయింది. తెలిశాక విప్పడానికి చేతులు రాలేదు.

"తెచ్చి బల్లమీద పెట్టు. అక్కడ వేలాడితే ఊరు చూస్తుంది," అంది వంటింటి కిటికీలోంచి తల్లి ఎవ్దోకియా. "ఊరు చూడనిది మనింట్లో ఇంకేం మిగిలిందిలే! అయినా తే."

మూటలో ఉన్నది కొయ్య ముద్ర. ఆదివారం ఆరాధనకు చేసే రొట్టె మీద సిలువ గుర్తును అచ్చు వేసేది అదే. ఇరవై రెండేళ్లుగా ఆ రొట్టె చేస్తున్నది నదివైపు వీధిలో ఉండే గ్లిచేరియా. ఆమె ఆ ముద్రను పిండి మరక లేకుండా కడిగి, ఆరబెట్టి, కొత్త తువ్వాలులో చుట్టి, ఒక్క ముక్కైనా రాయకుండా తిప్పి పంపింది. యుద్ధానికి ముందు రాయబారులను వెనక్కి పిలిపించుకునే రాజ్యాలు కూడా ఇంత మర్యాద పాటించవు.

"అంటే రేపటికి రొట్టె లేదు," అన్నాడు ఫాదర్ కాలిస్త్రాత్. రుక్సాంద్ర తండ్రి, ముప్పై నాలుగేళ్లుగా ఆ చర్చికి ఆయనే గురువు. వాళ్ల శాఖలో గురువులకు పెళ్లి ఉంటుంది. "రొట్టె లేకపోతే ఆరాధన లేదు. అందులోనూ రేపు క్షమాపణ ఆదివారం. ఊరంతా ఒకరి ముందొకరు వంగి క్షమించమని అడుక్కునే రోజు."

"అడుక్కోవలసినవాళ్లు మనింట్లోనే ఉన్నారుగా. మొదలుపెట్టమనండి," అంది ఎవ్దోకియా.

రుక్సాంద్ర తల దించుకుంది. నాలుగు రోజులుగా ఆ తల అలాగే ఉంది.

ఆమెకు ఇరవై ఆరేళ్లు. నగరంలో దైవశాస్త్రంలో పీజీ రెండో ఏడు. చర్చి ధర్మశాస్త్రంలో పదికి పది తెచ్చుకున్న పిల్ల. ఆడపిల్ల కనుక గురుపట్టం దక్కదు. బడిలో మతపాఠం చెప్పుకోవచ్చు, లేదా గురువు కాబోయేవాణ్ణి పెళ్లాడవచ్చు. ఈ రెండు రాజమార్గాల మీదా నడవడం ఇష్టంలేక ఆమె తనకోసం మూడోది తవ్వుకుంది. దాని పేరు 'చర్చి ప్రార్థన చీటీలయందు సామాన్య విశ్వాసుల ఆర్తి: ఆచరణ దైవశాస్త్ర దృష్టితో ఒక సమగ్ర పరిశీలనము'. రెండు వందల పద్నాలుగు పేజీలు, మూడు అనుబంధాలు. కొంప ముంచింది మూడోది.

శనివారం ప్రార్థనకు వచ్చేవాళ్లు తలా ఒక చీటీ తెస్తారు. పైన బతికున్నవాళ్ల పేర్లు, కింద పోయినవాళ్ల పేర్లు, అట్టడుగున దేవుడికి తప్ప ఇంకెవరికీ చెప్పుకోలేని మాట ఒకటి. పేర్లను ఫాదర్ పైకి చదువుతాడు. అడుగు మాటను పెదవి కదలకుండా చదువుకుంటాడు. తర్వాత ఆ చీటీలన్నీ గోనెసంచిలోకి వెళతాయి. ఏడాదికోసారి ఈస్టరు ముందు చర్చి వెనకాల కాలిపోతాయి.

పోయిన ఏడాది సంచి బరువుగా ఉంది. "మీకు నడుం నొప్పి నాన్నా, నేను కాలుస్తాలే," అంది కూతురు. తండ్రి మురిసిపోయాడు. సంచి మటుకు బస్సెక్కి నగరం చేరింది.

రుక్సాంద్ర మోసకత్తె కాదు. పండితురాలు, అది మరింత ప్రమాదం. నూట ఇరవై చీటీలను అక్షరం పొల్లుపోకుండా ఎత్తిరాసి, బతికున్న ప్రతి మనిషి పేరునూ మార్చింది. పోయినవాళ్ల పేర్లు మాత్రం మార్చలేదు. సమాధిలో ఉన్నవారికి పరువునష్టం కలుగనేరదని ఒక ఫుట్‌నోటులో ఠీవిగా సెలవిచ్చింది కూడాను.

ఆ ఊళ్లో బతికున్నవాళ్లకు పోయినవాళ్లను మించిన చిరునామా లేదని ఆమెకు తట్టనే లేదు. ముప్పై ఏళ్లుగా ప్రతి శనివారం అవే పేర్లు, అదే వరుసలో, అదే గొంతుతో విన్న ఊరు అది. 'జాహారియా, సావెతా, నిస్టోర్, నిస్టోర్, ఒలింపియా' అంటే చాలు. ఇద్దరు నిస్టోర్లు ఒకరివెనక ఒకరు వచ్చే ఇల్లు ఊరు మొత్తానికి ఒక్కటే. మొదటివాడు గ్లిచేరియా మామ, రెండోవాడు మొగుడు.

నలభై ఒకటో చీటీ అది. ఒలింపియా తర్వాత చివరి పంక్తి ఇలా ఉంది: 'పేరైనా పెట్టకముందే పోయిన నా బిడ్డ. దేవా, నేను దాచిపెట్టినదాన్ని నువ్వయినా దగ్గరికి తీసుకో.'

గ్లిచేరియాకు ఒక్కతే కూతురు, ఇటలీలో క్షేమంగా ఉంది. మరి పోయిన బిడ్డ ఎవరు, ఎప్పుడు పుట్టింది, ఎందుకు దాచిపెట్టింది? నాలుగు రోజులుగా ఊరికి వేరే పనిలేదు.

"కాల్చేశానన్నావు," అన్నాడు ఫాదర్ కాలిస్త్రాత్, ముద్రను చేతిలో తిప్పుతూ.

మంగళవారం నుంచి కూతురితో ఆయన అన్నది ఆ ఒక్క మాటే. తిట్టలేదు. గొంతు పెంచలేదు. తిడితే రుక్సాంద్ర ఎదురు చెప్పేది, ఏడ్చేది, కాస్త తేలికపడేది. ఆయన ఆ సదుపాయం ఇవ్వలేదు.

"ఎవ్దోకియా, నువ్వు చెయ్యి," అన్నాడు భార్యతో. "ఒక్క వారమే కదా."

ఎవ్దోకియా అటకమీది సీసాలు దింపి కొత్త చీటీలు అంటిస్తోంది. సోమవారం నుంచి ఈస్టరు ముందరి ఉపవాసాలు, పాలూ గుడ్లూ వెనక్కి, పండ్ల జాములూ చిక్కుళ్లూ ముందుకి. నాలుకమీద తడిపితే ఊదారంగు తిరిగే పాతకాలపు పెన్సిల్ ముక్క ఒకటి ఆమె దగ్గర ఎప్పుడూ ఉంటుంది. జాము పెట్టే రోజుల్లో ఆమె పెదవి ఊదాగానే ఉంటుంది.

"నేను చెయ్యను," అంది.

"ఎందుకని?"

"మోకాళ్ల నొప్పి."

"రొట్టె పిసికేది చేతులతో కదే?"

"ఆ రొట్టె నా చేతులతో వద్దన్నాను. ముప్పై నాలుగేళ్లలో ఎప్పుడైనా చేశానా? ఇప్పుడూ చెయ్యను. అంతే." మళ్లీ పెన్సిల్ నాలుకకు ఆనించి 'పుల్ల చెర్రీలు' అని రాసింది.

ఫాదర్ ఆ సీసాను పక్కకి జరిపి ముద్రను బల్లమీద పెట్టాడు. ముప్పై నాలుగేళ్లుగా ఆ జాము తింటున్నాడే తప్ప సీసామీద ఏం రాసుందో చదివిన మనిషి కాడు.

మధ్యాహ్నం చీజు కూరి కాల్చిన ప్లచింతలు బల్లమీద చల్లారిపోతుండగా వెనియామిన్ వచ్చాడు. రుక్సాంద్ర క్లాసులోవాడే. చదువు ముగిసింది, గడ్డం పెరిగింది, పట్టానికి అన్నీ సిద్ధం. కొరత ఒక్క భార్యే. పట్టం కట్టాక పెళ్లి కుదరదు గనక పెళ్లయ్యాకే పట్టం. ఆ తొందరలోనే అతడు పోయిన మంగళవారం రుక్సాంద్ర థీసిస్ ప్రతిని చంకలో పెట్టుకుని, చర్చి గాయక బృందానికి పెద్దయిన తన పిన్ని ఇంటికి వెళ్లి, కాబోయే పెళ్లికూతురి ప్రతిభ తెలియాలని మూడో అనుబంధం ఆసాంతం చదివి వినిపించాడు. వినడానికి గాయక బృందమంతా వచ్చింది.

"శుభవార్త!" అన్నాడు టోపీ తీస్తూ. "గురువారం వైవా ఖాయం. నలభై ఒకటో చీటీ చదివి ప్రొఫెసర్ గారు కళ్లజోడు తుడుచుకున్నారట! ఈ పుస్తకానికి ఆత్మ ఇదే అన్నారట!"

"ఆ కళ్లజోడు పెట్టుకుని ఒకసారి మా వీధికి రమ్మను నాయనా," అంది ఎవ్దోకియా. "ఇక్కడ తుడుచుకోవలసింది చాలా ఉంది."

"అమ్మగారికి ఇంకా కోపం తగ్గలేదు."

"కోపమా? పిల్లను చూసుకోడానికి వచ్చేవాళ్లు మిఠాయిలు తెస్తారు. నువ్వు గ్లిచేరియా కడుపు తెచ్చి పిన్ని బల్లమీద పరిచావు."

వెనియామిన్ నొచ్చుకున్నాడు. "సంబంధం గొప్పదని చెబుదామనే కదండీ! గురువు భార్యంటే మాటలా? పెళ్లికి ముందు పిల్లమీద ఏ మచ్చా ఉండకూడదంటుంది ధర్మశాస్త్రం. ఉన్నట్టు తేలితే మొగుడి పట్టమే చెల్లదు. ఇలాంటి ఇంట్లో పెరిగిన పిల్లయితే ఇక ఆ బెంగ..."

సీసా నేలమీద భళ్లున పగిలింది. చెర్రీల రసం బల్లకోడు దాకా పాకింది.

"చెయ్యి తడిగా ఉంది," అంది ఎవ్దోకియా. గుడ్డకోసం వంగింది. వంగిన మనిషి చాలాసేపు పైకి లేవలేదు.

"ఆ అనుబంధం తీసేస్తే?" అని అడిగింది రుక్సాంద్ర.

"తీసేస్తే మిగిలేది అట్టలూ విషయసూచికానూ. వచ్చే ఏడాది మళ్లీ మొదట్నుంచి," అన్నాడు వెనియామిన్. తర్వాత, ఎవరూ పెట్టకపోయినా, ఒక ప్లచింత తీసుకున్నాడు.

రుక్సాంద్ర ముద్రను తువ్వాలులో చుట్టి లేచింది. ఎక్కడికని తండ్రి అడగలేదు. "వెళ్లకు," అని తల్లి అంది, కానీ నేలవైపు చూసి అంది.

మంచు కరుగుతున్న దారంతా బురద. నడుస్తూనే రుక్సాంద్ర క్షమాపణను సిద్ధం చేసుకుంది. మొదట తప్పు స్వరూపం, తర్వాత దాని కారణాలు, చివర పశ్చాత్తాపం. మూడు భాగాలూ ఒకదానిలోంచి ఒకటి ఎంత చక్కగా పుట్టుకొస్తున్నాయో గమనించి, ఆ గమనించినందుకు మళ్లీ సిగ్గుపడింది. గ్లిచేరియా తలుపు తెరిచేసరికి మూడు భాగాలూ ఎటో పోయాయి.

"కాళ్లు తుడుచుకుని రా," అంది గ్లిచేరియా. డెబ్బై దాటిన మనిషి. ఎడం చేతిలో చిక్కుడు గింజల పళ్లెం.

"క్షమించమని అడగడానికి వచ్చాను పెద్దమ్మా."

"అది రేపు కదా. ఒకరోజు ముందే వచ్చావే. చదువుకున్నవాళ్లకి తొందరెక్కువ." కుర్చీ చూపించింది. "కూర్చో. నిలబడితే నాకు మెడ నొప్పి."

రుక్సాంద్ర మూటను బల్లమీద పెట్టింది. "దీన్ని మళ్లీ తీసుకోండి. రేపటికి రొట్టె..."

"నాకు చెయ్యాలనే ఉందమ్మా. పాటలు పాడే ఆడవాళ్లు ముగ్గురు వచ్చారు బుధవారం. ఈ చేతులు పిసికిన రొట్టె మా గొంతు దిగదన్నారు. నేనేం చెయ్యను? తినేవాళ్లకి దిగాలి కదా."

"నేను వెళ్లి చెబుతాను వాళ్లకి. తప్పుగా ఎత్తిరాశాననీ, అది ఇంకో ఊరి చీటీ అనీ..."

"అబద్ధమాడతావా? దేవుడి చదువు చదివి?" గ్లిచేరియా నవ్వింది. ఆ నవ్వులో ఎత్తిపొడుపు లేదు. అదే రుక్సాంద్రకు మరింత గుచ్చుకుంది. "మీ నాన్న ఆ ముక్క ముప్పై ఏళ్లు చదివాడు. చదివినప్పుడల్లా నావైపు చూడకుండా తల పక్కకి తిప్పుకునేవాడు, నేను సిగ్గుపడతానని. అలాంటి మనిషికి పుట్టావు నువ్వు."

రుక్సాంద్ర కళ్లు నిండాయి. గ్లిచేరియా పట్టించుకోకుండా గింజలు ఏరుతోంది.

"మా అమ్మాయి ఇటలీ నుంచి ఫోన్ చేసింది," అంది ఉన్నట్టుండి. "ఎవరు చేరవేశారో మరి. 'అమ్మా, నాకు ముందు ఇంకెవరైనా పుట్టారా?' అంది. లేదే అన్నాను. నమ్మలేదు. పెట్టేసింది. మళ్లీ చెయ్యలేదు."

"ఎందుకు లేదన్నారు పెద్దమ్మా? ఇప్పుడింక దాచి..."

"లేదు కాబట్టి లేదన్నాను."

అని, చటుక్కున నోరు మూసుకుంది. గింజలు ఏరే వేళ్లు ఆగిపోయాయి.

బల్లమీద ఈ సాయంత్రం ప్రార్థనకు తీసుకెళ్లే చీటీ సిద్ధంగా ఉంది. జాహారియా, సావెతా, నిస్టోర్, నిస్టోర్, ఒలింపియా. పెద్ద పెద్ద అక్షరాలు, మామూలు బూడిదరంగు పెన్సిల్. అంతటితో ఆఖరు. కింద ఖాళీ.

నలభై ఒకటో చీటీ మీద తాను రాసిన ఫుట్‌నోటు రుక్సాంద్ర కళ్లముందు తిరిగింది. చివరి పంక్తి ఊదారంగులో, కాస్త భిన్నమైన చేతిరాతలో ఉన్నదని పండితోత్తమురాలు గమనించకపోలేదు. గమనించి, తీవ్రదుఃఖ సమయాన రాయు సాధనమును సైతం మార్చుకొను విశ్వాసి మనఃస్థితి గురించి అరపేజీ సిద్ధాంతం చేసింది. ఆ అరపేజీని ప్రొఫెసర్ గారు 'సునిశితము' అన్నారు.

"పెద్దమ్మా," అంది నెమ్మదిగా, "మీ దగ్గర ఊదారంగు పెన్సిల్ ఉందా?"

గ్లిచేరియా పళ్లెంలోని గింజలను ఒక పక్కకి తోసింది.

"సొంత మొగుడి చేతిలో ఏ ఆడది అలాంటి చీటీ పెడుతుందే?" అంది గింజల వైపు చూస్తూ. "ఎక్కడో ఒకచోట రాసుకోవాలి కదా. నా చీటీలో చోటుంది. ఇచ్చాను."

రుక్సాంద్ర లేచింది. బల్లమీది మూట సంగతి మరిచిపోయింది.

"ఇంటికి వెళ్లు. ముద్ర తీసుకుపో. ఆమెను ఏమీ అడక్కు."

"మరి మీరు? ఊరంతా మిమ్మల్ని..."

"ముప్పై ఏళ్లు కాగితం మీద మోశాను. ఇప్పుడు వీధిలో మోస్తున్నాను. బరువు అదే." గ్లిచేరియా మొదటిసారి ఆమె కళ్లలోకి చూసింది. "నువ్వు మాత్రం ఇక ఏమీ రాయకు తల్లీ. దండం పెడతాను."

వచ్చిన దారే అయినా తిరిగి వెళ్లేటప్పుడు పొడవు పెరిగింది. ఇందాకటి దాకా తాను ఒక ముసలామె పరువు తీశాననుకుంది రుక్సాంద్ర. ఆ అవమానానికి ఒక కొలత ఉంది, ఒక గుమ్మం ఉంది, వెళ్లి వంగడానికి ఒక మనిషి ఉంది. ఇప్పుడు, పదికి పది తెచ్చుకున్న శాస్త్రం ఎవరూ అడగకుండానే నియమం వెంట నియమంగా వల్లె వేసుకుపోతోంది. పెళ్లికి ముందు మచ్చ. మచ్చ తేలితే పట్టం చెల్లదు. పట్టం చెల్లకపోతే ముప్పై నాలుగేళ్ల ఆరాధనలు, బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, పాపవిమోచనలు, ఊరి సగం సమాధుల మీద చదివిన ప్రార్థనలు... ఆ నియమాలను పరీక్షలో ఎంత అందమైన చేతిరాతతో రాసిందో కూడా ఆమెకు జ్ఞాపకమొచ్చింది.

వెనియామిన్ గేటు దగ్గరే ఎదురయ్యాడు.

"మూడో అనుబంధం తీసేస్తున్నానని ప్రొఫెసర్ గారికి చెప్పు. నీ దగ్గరున్న ప్రతి ఇటివ్వు."

"ఏడాది పోతుంది రుక్సాంద్రా!"

"పోనీ."

"మరి మన పెళ్లి?"

"ఏ పెళ్లి?" అని అడిగి, అతడి చంకలోని పుస్తకం లాక్కుని లోపలికి వెళ్లింది.

వంటింట్లో నేల తడిగా మెరుస్తోంది. గాజుముక్కలు ఎత్తేశారు. తల్లి బల్ల దగ్గర ఊరికే కూర్చుని ఉంది. కింది పెదవి మధ్యన ఊదారంగు గీత. ఇరవై ఆరేళ్లుగా చూస్తున్న గీతే.

"తీసుకుందా?" అన్నాడు ఫాదర్.

"లేదు నాన్నా." మూట బల్లమీద పెట్టింది.

"ఇంకేమీ అనలేదా?" అని అడిగింది తల్లి.

"ఏమీ అనలేదమ్మా."

ఆ అబద్ధం బాగా ఆడలేదు. తల్లి చూపు కూతురి మొహం మీద ఆగింది. కూతురి చూపు, వద్దు వద్దనుకుంటూనే, ఆ పెదవి మీదికి జారింది. ఎవ్దోకియా నెమ్మదిగా చెయ్యెత్తి తలగుడ్డ కొసతో పెదవి తుడుచుకుంది. రంగు పోలేదు.

"సరే. అయితే నేనే పిసుకుతాను," అన్నాడు ఫాదర్, నల్లంగీ చేతులు పైకి మడుస్తూ. "గురువు రొట్టె చెయ్యకూడదని శాస్త్రంలో ఎక్కడా లేదు కదా రుక్సాంద్రా? నీకు తెలుస్తుంది." నాలుగు రోజుల్లో ఆయన కూతుర్ని పేరుపెట్టి పిలవడం అదే మొదటిసారి.

"లేదు నాన్నా."

"రేపు సంఘం ముందు వంగి గ్లిచేరియాను నేనే అడుగుతాను. పిల్ల చేసిన తప్పు తండ్రి..."

"మీరు వంగద్దు," అంది ఎవ్దోకియా.

"వంగకపోతే ఎలా? ఆమెకు మనమే కదా..."

"మీరు వంగద్దన్నాను. ఆమె ఎవరికీ ఏమీ చెప్పుకోవలసిన పని లేదు. మీరు ముందు కూర్చోండి."

"అమ్మా, వద్దు!"

ఆ మాట రుక్సాంద్ర నోట్లోంచే వచ్చింది. నూట ఇరవైమంది గుట్టును అచ్చు వేయించిన పిల్ల, ఈ ఒక్కదాన్ని మూసిపెట్టమని రెండు చేతులూ జోడించి నిలబడింది.

"ఏం వద్దు?" అన్నాడు ఫాదర్ కాలిస్త్రాత్. కూతుర్ని చూశాడు, భార్యను చూశాడు. "ఎవ్దోకియా, ఏమిటది?"

ఎవ్దోకియా ముద్రను తనవైపు లాక్కుని, తువ్వాలు విప్పి, సిలువ గుర్తు మీద బొటనవేలు పెట్టింది. "కూర్చోండి," అంది మళ్లీ.

ముప్పై నాలుగేళ్లు ఊరందరి పాపాలూ కూర్చుని విన్న మనిషి, తన వంటింట్లో ఏ కుర్చీ లాక్కోవాలో తెలియక, మోచేతుల దాకా మడిచిన చేతులతో అలాగే నిలబడిపోయాడు.